ఫ్లోమ్ ప్రయాణం: నార్వే ఫ్యోర్డ్ పల్లె గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నార్వే పడమటి వైపున సోగ్నె ఫ్యోర్డ్ ఉంది. దాని పాయల్లో ఒకటి ఔర్లాండ్ ఫ్యోర్డ్. ఆ పాయ చిట్టచివర, మూడు వైపులా కొండలున్న లోయలో ఫ్లోమ్ అనే చిన్న పల్లె ఉంటుంది. ఊరి జనం నాలుగు వందల లోపే. నేను అక్కడికి 3 సార్లు వెళ్లాను. మొదటిసారి 4 గంటలు ఉండి వచ్చేశాను. రెండోసారి అమ్మానాన్నలతో వెళ్లాను, మూడోసారి సెప్టెంబరులో నడక కోసమే వెళ్లాను. స్నేహితులు, బంధువులు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఫ్లామ్ అనాలా, ఫ్లోమ్ అనాలా?

ఫ్లోమ్. బోర్డు మీద 'ఎ' అక్షరం నెత్తిన చిన్న సున్నా కనిపిస్తుంది. నార్వే భాషలో దాన్ని 'ఓ' అని పలుకుతారు. టికెట్ల కోసం వెతికేటప్పుడు సున్నా పెట్టకపోయినా ఊరు దొరుకుతుంది.

ఫ్యోర్డ్ అంటే నదా, సరస్సా, సముద్రమా?

సముద్రమే. పడవలో కూర్చున్నప్పుడు మా అమ్మ "అచ్చం పాపికొండల్లా ఉందిరా" అంది. చూపుకి నిజంగా అలాగే ఉంటుంది. రెండు పక్కలా కొండలు, మధ్యలో కదలని నీళ్లు, మలుపు తిరిగేదాకా ముందు దారి ఉందో లేదో తెలియదు. కానీ పాపికొండల దగ్గర లోయను కోసింది గోదావరి. ఇక్కడ కోసింది మంచు. మంచు యుగాల్లో హిమానీనదాలు కొండల మీంచి కిందికి జారుతూ అడుగున ఉన్న రాతిని దొలుచుకుంటూ పోయాయి. మంచు కరిగిపోయాక ఆ గాడిలోకి సముద్రం వచ్చి నిండింది.

అందుకే తీరానికి అంత లోపల ఉన్నా ఫ్లోమ్ దగ్గర ఆటుపోట్లు ఉంటాయి. సీల్ జంతువులు కూడా కనిపిస్తాయి. పైపొరలో మంచు కరిగిన నీళ్లు, నదుల నీళ్లు కలవడం వల్ల ఉప్పదనం తక్కువ, కిందికి వెళ్లేకొద్దీ అసలు సముద్రపు నీరు. సోగ్నె ఫ్యోర్డ్ పొడవు 205 కిలోమీటర్లు, అత్యధిక లోతు 1,308 మీటర్లు. అయితే అది బయటి సముద్రంలో కలిసే చోట లోతు చాలా తక్కువ. అక్కడికి వచ్చేసరికి హిమానీనదం పలచబడి, లోపల తవ్వినంత లోతుగా తవ్వలేకపోయింది. పడవలో వెళ్తున్నప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకుని చూడండి. పైన కనిపించేది కొండలో ఒక భాగమే, మిగతాది మీ కాళ్ల కింద నీళ్లలో ఉంది.

ఎన్ని రోజులు ఉండాలి? ఒక్కరోజులో చూసి రావచ్చు కదా?

చూసి రావచ్చు. చాలామంది చేసేది అదే. పొద్దున రైలు దిగి, సావనీర్ షాపులు చూసి, భోజనం చేసి, మధ్యాహ్నం పడవెక్కి వెళ్లిపోతారు. మొదటిసారి నేను చేసిందీ అదే. అప్పుడు నాకు గుర్తున్నది క్యూలు, బస్సులు, సెల్ఫీ కర్రలు.

కనీసం 2 రాత్రులు ఉండమని నా సలహా. ఎవరు అడిగినా ముందు చెప్పేది ఇదే. ఎండాకాలంలో పెద్ద క్రూయిజ్ ఓడలు ఊరి ముందే ఆగుతాయి. ఓడ దిగిన జనం ముందు ఊరి జనం లెక్కలోకి రారు. సాయంత్రం ఓడ వెళ్లిపోగానే మరో ఊరు బయటపడుతుంది. నది చప్పుడు అప్పుడు వినిపిస్తుంది. ఎదురు కొండ మీంచి పడే జలపాతం శబ్దం కూడా వినిపిస్తుంది. పొద్దంతా ఎక్కడున్నాయో తెలియని గొర్రెల మెడగంటలు వినిపిస్తాయి. జూన్‌లో రాత్రి 10 గంటలకు కూడా వెలుతురు ఉంటుంది, కాబట్టి భోజనం చేశాక కూడా 2 గంటలు నడవొచ్చు. డబ్బు తక్కువైతే ఇంకో నగరంలో ఒక రాత్రి తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం తగ్గించకండి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మే నెలలో కొండల మీది మంచు కరుగుతూ జలపాతాలు నిండుగా ఉంటాయి. కింద లోయ పచ్చగా, పైన శిఖరాలు తెల్లగా ఉంటాయి. ఫొటోలకు ఇంతకన్నా మంచి సమయం లేదు, కానీ ఎత్తైన నడక దారులు ఇంకా మంచులోనే ఉంటాయి. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా అన్నీ తెరిచి ఉంటాయి, జనమూ అప్పుడే. నాకు బాగా నచ్చింది సెప్టెంబరు మొదటి సగం. బర్చ్ ఆకులు పసుపెక్కుతాయి, దారులు ఖాళీగా ఉంటాయి, గదులు దొరుకుతాయి.

శీతాకాలంలోనూ రైలు, దగ్గర్లోని నేరోయ్ ఫ్యోర్డ్‌కి వెళ్లే పడవ నడుస్తాయి. అయితే పగలు చాలా చిన్నది, కొండల అడ్డం వల్ల లోయలోకి ఎండ దిగదు. మంచు కప్పుకున్న ఫ్యోర్డ్ చూడాలన్న కోరిక ఉంటేనే ఆ సమయంలో వెళ్లండి.

అరోరా (రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు) కనిపిస్తుందా? అర్ధరాత్రి సూర్యుడు?

రెండూ ఇక్కడివి కావు. ఫ్లోమ్ ఆర్కిటిక్ వలయానికి చాలా దక్షిణాన ఉంది. వాటి కోసం ఉత్తర నార్వేలోని ట్రోమ్సో వైపు వెళ్లాలి. జూన్‌లో ఇక్కడ సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు, పూర్తి చీకటి మాత్రం పడదు.

ఎలా చేరుకోవాలి?

ఓస్లో, బెర్గెన్ నగరాల మధ్య నడిచే రైలెక్కి మీర్దాల్ స్టేషన్‌లో దిగాలి. ఓస్లో నుంచి అయితే దాదాపు 5 గంటలు, బెర్గెన్ నుంచి 2 గంటలు. మీర్దాల్‌లో ఎదుటి ప్లాట్‌ఫామ్ మీదే ఫ్లోమ్ రైలు ఉంటుంది, గంటలో కిందికి దింపుతుంది. ఎండాకాలంలో బెర్గెన్ నుంచి నేరుగా పడవ కూడా ఉంది. ఐదున్నర గంటలు పడుతుంది కానీ సోగ్నె ఫ్యోర్డ్ మొత్తం తీరు అర్థమయ్యేది ఆ దారిలోనే. వెళ్లేటప్పుడు రైలు, తిరిగి వచ్చేటప్పుడు పడవ పెట్టుకుంటే చూసిన దారే మళ్లీ చూడక్కర్లేదు.

కారులో వస్తే ఓస్లో వైపు నుంచి లార్దాల్ సొరంగం దాటాలి. పొడవు 24.5 కిలోమీటర్లు. 2000లో తెరిచిన ఈ సొరంగం రోడ్డు సొరంగాల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది. నడిపేవాళ్లకు విసుగు, నిద్రమత్తు రాకుండా మధ్యలో 3 చోట్ల గుహలా వెడల్పు చేసి నీలి రంగు దీపాలు పెట్టారు.

ఫ్లోమ్ రైలు గురించి అందరూ అంత గొప్పగా చెబుతారెందుకు? ఏ వైపు కూర్చోవాలి?

దూరం 20 కిలోమీటర్లే. కానీ సముద్ర మట్టానికి 2 మీటర్ల ఎత్తున మొదలై 866 మీటర్లకు చేరుతుంది. కొన్ని చోట్ల ప్రతి 18 మీటర్లకు ఒక మీటరు పైకి ఎక్కుతుంది. పళ్ల చక్రాలు, తాళ్లు ఏవీ లేకుండా మామూలు పట్టాల మీద ఇంత ఏటవాలుగా ఎక్కే రైళ్లు ప్రపంచంలో చాలా తక్కువ. 1924లో పని మొదలుపెట్టారు, 1940లో రైలు నడిచింది. దారిలో 20 సొరంగాలు ఉన్నాయి. వాటిలో 18 సొరంగాలు మనుషులు చేత్తో తవ్వినవే. ఒక సొరంగం కొండ లోపలే పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. నది అడ్డం వచ్చిన చోట వంతెన కట్టలేదు, నదినే సొరంగంలోకి మళ్లించి పట్టాలను పైన వేశారు. మంచు చరియలు ఎక్కడ పడతాయో చూసుకుని దారి గీశారు.

అరకు రైలెక్కినవాళ్లకు సొరంగంలోంచి వెలుగులోకి వచ్చిన ప్రతిసారీ పెట్టెలో లేచే ఆ కేక తెలుసు. ఇక్కడా అదే కేక, భాషలే వేరు.

ఏ వైపు కూర్చోవాలన్న టెన్షన్ వద్దు. లోయ ఒకసారి కుడికి వస్తే ఇంకోసారి ఎడమకు వస్తుంది. చోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర రైలు కొద్ది నిమిషాలు ఆగుతుంది, అందరూ దిగి చూడొచ్చు. ఎండాకాలంలో ఎర్ర గౌను వేసుకున్న ఒకామె బండల మీద పాటకు నాట్యం చేస్తుంది. ఆమె నార్వే జానపద కథల్లో మనుషుల్ని అడవిలోకి పిలిచే హుల్ద్రా వేషం. తుంపర్లు మీద పడతాయి, ఫోన్ జాగ్రత్త.

పడవ ప్రయాణాల్లో ఏది తప్పకుండా చేయాలి?

ఫ్లోమ్ నుంచి గుద్వాంగెన్ దాకా, నేరోయ్ ఫ్యోర్డ్ మీదుగా వెళ్లేది. దాదాపు 2 గంటలు. అక్కడి నుంచి బస్సులో సొరంగాల గుండా త్వరగా వెనక్కి వచ్చేయొచ్చు. నేరోయ్ ఫ్యోర్డ్ పొడవు 17 కిలోమీటర్లు, బాగా ఇరుకైన చోట వెడల్పు 250 మీటర్లే. 2005లో దీన్ని, గైరాంగర్ ఫ్యోర్డ్‌ని కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ దారిలో 2018 నుంచి పూర్తిగా బ్యాటరీ మీద నడిచే పెద్ద పడవ ఉంది. ఇంజిన్ రొద లేకపోవడం ఎంత తేడా చేస్తుందో ఇరుకు మలుపుల్లో తెలుస్తుంది. డెక్ మీద నిలబడితే రెండు పక్కలా కొండల మీంచి పడే నీటి శబ్దం మాత్రమే ఉంటుంది. వేగంగా వెళ్లే చిన్న రబ్బరు బోట్లు కూడా ఉన్నాయి. సీల్‌లను దగ్గరగా చూడాలంటే, మనసుకి కాస్త హుషారు కావాలంటే అవి బాగుంటాయి. కానీ వెన్నునొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు వాటి జోలికి పోవద్దు, నీటి మీద గట్టిగా ఎగిరి పడతాయి.

కొండలెక్కే అలవాటు లేదు. నడవడానికి ఏ దారి పట్టాలి?

ముందు నది ఒడ్డున నడవండి. ఊరి మధ్యలోంచి లోయ లోపలికి తారు రోడ్డు వెళ్తుంది, వాహనాలు తక్కువ. 3 కిలోమీటర్లు వెళ్తే పాత ఫ్లోమ్ వస్తుంది. గోధుమ రంగు చెక్క చర్చి, పొలాలు, పాత ఇళ్లు కనిపిస్తాయి. అసలు ఊరు ఇదే. రేవు దగ్గర మనం చూసేది రైలు, ఓడల వల్ల తర్వాత పెరిగిన భాగం.

ఆ దారిలోనే బ్రెక్కెఫోసెన్ జలపాతానికి మెట్లు మొదలవుతాయి. 'ఫోసెన్' అంటే జలపాతమే. పెద్ద పెద్ద రాళ్లు పేర్చి ఆ మెట్లు కట్టింది నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు. నార్వేలో ఇలాంటి కొండ దారులు చాలా చోట్ల వాళ్ల చేతి పనే. మెట్లు నిటారుగా ఉంటాయి, ఆయాసం వస్తుంది, కానీ నెమ్మదిగా ఎక్కితే ఎవరైనా ఎక్కగలరు. పైనుంచి లోయ, ఊరు, ఫ్యోర్డ్ ఒకే చూపులో కనిపిస్తాయి. వాన పడ్డాక రాళ్లు జారతాయి, దిగేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన నడక ఇంకొకటి. రైల్లో సగం దూరం వెళ్లి బెరెక్వామ్ స్టేషన్‌లో దిగి, లోయ వెంట ఊరికి నడిచి రావడం. అంతా దిగుడే, ఇంచుమించు 10 కిలోమీటర్లు. రైలు కిటికీలోంచి రెప్పపాటులో పోయిన జలపాతాల దగ్గర ఎంతసేపైనా కూర్చోవచ్చు. మేకలు దారికి అడ్డంగా పడుకుని ఉంటాయి, వాటిని లేపకుండా పక్కనుంచి వెళ్లండి.

బాగా నడిచేవాళ్లకు ఔర్లాండ్స్‌దాలెన్ లోయ ఉంది. ఓస్టర్బో నుంచి వాస్‌బీగ్ది దాకా దాదాపు 20 కిలోమీటర్లు, 6 నుంచి 7 గంటలు. కొండ అంచు దారులు ఉంటాయి. మంచి బూట్లు, పూర్తి రోజు, మంచి వాతావరణం మూడూ ఉంటేనే వెళ్లండి.

సైకిల్ దారి గురించి విన్నాను. మామూలు వాళ్లు తొక్కగలరా?

రాలార్‌వేగెన్ అంటారు. బెర్గెన్ రైలు మార్గం కట్టినప్పుడు సామాను, కూలీలు వెళ్లడానికి వేసిన దారి ఇది. 'రాలార్' అంటే ఆ రైలు పనివాళ్లు. హౌగాస్తోల్ నుంచి ఫ్లోమ్ దాకా మొత్తం 80 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అది 2 రోజుల పని. పై భాగంలో మంచు కరిగేసరికి చాలా ఏళ్లలో జులై సగం దాటుతుంది.

మీర్దాల్ నుంచి కిందికి వచ్చే చివరి 20 కిలోమీటర్లు మాత్రం చాలామంది తొక్కుతారు. మొదట్లో వచ్చే 21 మలుపులు బాగా ఏటవాలు, కంకర రోడ్డు. అక్కడ సైకిల్ దిగి నడిపించుకుంటూ రావడమే మంచిది. బ్రేకులు ముందే పరీక్షించి తీసుకోండి.

ఈత రాదు. కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) చేయొచ్చా?

గైడ్‌తో వెళ్తే చేయొచ్చు. లైఫ్ జాకెట్ ఇస్తారు, అరగంట ఒడ్డునే నేర్పిస్తారు, ఒడ్డు వెంబడే తీసుకెళ్తారు. ఒంటరిగా అద్దెకు తీసుకుని వెళ్లకండి. ఇక్కడి ప్రమాదం అలలు కాదు, చల్లదనం. జులైలో కూడా నీళ్లలో పడితే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఒడ్డు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, పిల్లలు నీళ్లలో ఆడుకుంటుంటే చెయ్యి అందేంత దూరంలోనే ఉండండి.

అమ్మానాన్నలు మోకాళ్ల నొప్పులతో ఉన్నారు. వాళ్లకేముంది?

చాలా ఉంది. రైలు, పడవ, స్టేగాస్టైన్ వ్యూపాయింట్ ఈ మూడింటికీ మెట్లెక్కే పని దాదాపు లేదు. స్టేగాస్టైన్ ఫ్యోర్డ్‌కి 650 మీటర్ల పైన ఉంటుంది. కొండలోంచి 30 మీటర్లు గాల్లోకి చాచిన చెక్క వంతెన అది. చివర గాజు పలక ఒక్కటే అడ్డం, దాని అవతల ఏమీ లేదు. 2006లో కట్టారు. మా నాన్న ఆ గాజు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డారు. ఔర్లాండ్ నుంచి పైకి వెళ్లే రోడ్డు చాలా ఇరుకు, ఎదురుగా బస్సు వస్తే వెనక్కి తీయాలి. కొండ రోడ్లు అలవాటు లేకపోతే ఫ్లోమ్ నుంచి బస్సు టూరే తీసుకోండి.

ఎలాంటి బట్టలు తీసుకెళ్లాలి?

జులైలో కూడా వాన కోటు, పల్చటి ఉన్ని లోపలి చొక్కా, స్వెటర్. కాటన్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది, కొండ మీదికి జీన్స్ వద్దు. పడవ డెక్ మీద గాలికి టోపీ, చేతి తొడుగులు కావాలి. బెర్గెన్‌తో పోలిస్తే ఇక్కడ వాన తక్కువే, కానీ పొద్దున ఎండ చూసి గొడుగు కూడా లేకుండా బయల్దేరకండి. వాతావరణానికి యర్ అనే నార్వే యాప్ చూడండి. అక్కడివాళ్లు నమ్మేది దాన్నే.

శాకాహారులకు తిండి దొరుకుతుందా? ఇంటి నుంచి ఏం తీసుకెళ్లొచ్చు?

దొరుకుతుంది, కానీ రకాలు తక్కువ, ధర ఎక్కువ. వంటగది ఉన్న క్యాబిన్ గానీ హాస్టల్ గది గానీ తీసుకుంటే సగం సమస్య తీరుతుంది. రేవు దగ్గరే కిరాణా షాపు ఉంది. బియ్యం, పప్పులు, గుడ్లు, కూరగాయలు దొరుకుతాయి. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, సీసాలు కొనకండి.

ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఒక సంగతి గమనించాలి. యూరప్ బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం నార్వేలోకి తేకూడదు. నెయ్యి, నేతి మిఠాయిలు, కోడి పచ్చడి పెట్టెలో పెట్టకండి. కందిపొడి లాంటివి తెచ్చుకోండి. వేడి అన్నంలో అక్కడి వెన్న వేసుకుని తిన్నాం, లోటు తెలియలేదు.

ఉన్‌డ్రెదాల్ చీజ్ తినాలని చెబుతారు. అదేంటి?

పడవ దారిలో వచ్చే మరో చిన్న పల్లె ఉన్‌డ్రెదాల్. జనం వంద లోపే, మేకలు అంతకన్నా చాలా ఎక్కువ. మేకపాల నుంచి వచ్చిన విరుగుడు నీళ్లను గంటల తరబడి కాచి గోధుమ రంగు చీజ్ చేస్తారు. రంగు కోవాలా ఉంటుంది, తియ్యగా, కాస్త ఉప్పగా ఉంటుంది. ఆ ఊళ్లోనే 12వ శతాబ్దపు చెక్క చర్చి ఉంది, లోపల 40 మంది పడతారు. రద్దీ నుంచి తప్పించుకోవడానికి సగం రోజు ఇక్కడ గడపండి.

టెంట్ ఎక్కడైనా వేసుకోవచ్చా?

నార్వేలో ప్రకృతిలో తిరిగే హక్కు అందరిదీ, 1957 చట్టంలో రాసి ఉంది. సాగు చేయని నేల మీద, ఇళ్లకు కనీసం 150 మీటర్ల దూరంలో, 2 రాత్రుల దాకా అడగకుండానే టెంట్ వేసుకోవచ్చు. కానీ ఫ్లోమ్ లోయ అడుగున ఉన్నదంతా పొలాలు, గడ్డి మైదానాలే. ఆ గడ్డి రైతుల పంట, పశువులకు చలికాలపు మేత, దాన్ని తొక్కకూడదు. కింద ఉండాలంటే క్యాంపింగ్ స్థలానికే వెళ్లండి. దారిలో గేటు తెరిస్తే మళ్లీ మూయండి. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలో, అడవి దగ్గర మంట వేయడం నిషేధం.

చేపలు పట్టొచ్చా?

ఫ్యోర్డ్ ఉప్పునీళ్లలో గాలంతో పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. నదిలోనూ, నది ఫ్యోర్డ్‌లో కలిసే చోటా సాల్మన్ కోసం కఠినమైన నియమాలు ఉన్నాయి, అడగకుండా గాలం వేయకండి.

వీసా సంగతి?

నార్వే ఐరోపా సమాఖ్యలో లేదు కానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి, కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి చోట్ల చదువుకుంటున్న మన పిల్లలు అక్కడి రెసిడెన్స్ కార్డు, పాస్‌పోర్టు చూపించి రావచ్చు. బ్రిటన్‌లో ఉంటున్నా, అమెరికా గ్రీన్ కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టు అయితే వీసా తప్పదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. డబ్బు యూరో కాదు, క్రోన్. కార్డు అన్నిచోట్లా చెల్లుతుంది.

క్రూయిజ్ ఓడల వల్ల ఈ చోటు పాడవుతోందా?

పొగ ఇరుకు లోయలో నిలిచిపోయేది, అది నిజం. నార్వే పార్లమెంటు పట్టుబట్టాక నియమం వచ్చింది. 2026 జనవరి 1 నుంచి ప్రపంచ వారసత్వ ఫ్యోర్డ్‌లలోకి 10,000 టన్నుల లోపు ప్రయాణికుల నౌకలు కాలుష్యం లేకుండానే రావాలి, పెద్ద ఓడలకు 2032 దాకా గడువిచ్చారు. నా మటుకు ఆ గడువు ఎక్కువే అనిపిస్తుంది. మనం చేయగలిగింది రైల్లో వచ్చి, ఊళ్లో రాత్రి ఉండి, ఊరివాళ్ల దగ్గర కొనడం.

కొండ మీద ఏదైనా జరిగితే?

వైద్య సహాయానికి 113, పోలీసులకు 112, అగ్నిమాపకానికి 110. వెళ్లే ముందు ఏ దారిన వెళ్తున్నారో గదిలో తోటివాళ్లకు గానీ హోటల్ వాళ్లకు గానీ చెప్పండి. నార్వేవాళ్లు చిన్నప్పుడే నేర్చుకునే కొండ నియమాలు 9 ఉన్నాయి. అందులో ఒకటి: సమయానికి వెనక్కి తిరగండి, అందులో సిగ్గేమీ లేదు. ఔర్లాండ్స్‌దాలెన్‌లో నేను సగం దారిలో మబ్బు కమ్ముకోవడం చూసి వెనక్కి వచ్చేశాను. ఎదురుగా వస్తున్న ఓ పెద్దాయన ఆగి, ఆకాశం వైపు చూసి, తనూ నాతోపాటు దిగాడు. గంట తర్వాత లోయలో పిడుగులు పడ్డాయి. అప్పటికి మేమిద్దరం బస్టాపులో కూర్చుని ఆయన ఫ్లాస్కులో కాఫీ తాగుతున్నాం.